నలభై వేల ఏళ్ళ దుంగ మీద రోసమెల్ ప్రతాపం

రోసమెల్ చోదిల్ అబద్ధాలకోరని మిల్యావాపిలో ఎవరూ అనరు. అబద్ధం అనిపించుకోవాలంటే దాన్ని కనీసం ఒక్కరైనా నమ్మాలి. అరవై మూడేళ్ళలో ఆయన చెప్పిన ఏ కథకీ ఆ భాగ్యం పట్టలేదు.

పందొమ్మిది వందల అరవైలో భూకంపం వచ్చి సముద్రం ఊరి మీద పడ్డప్పుడు ఆయనకి ఎనిమిదేళ్ళు. ఇల్లు ఇల్లంతా నీళ్ళ మీద తేలుతూ ఏటికి అవతలి ఒడ్డుకి పోయిందనీ, పొయ్యి మీద బంగాళదుంపలు మాత్రం ఉడుకుతూనే ఉన్నాయనీ, ఇల్లు గట్టుకి తగిలే సరికి సరిగ్గా మెత్తబడ్డాయనీ చెబుతాడు. ఉప్పు సముద్రమే వేసిందట. చెప్పిన ప్రతిసారీ ఆ ఏరు కాస్త వెడల్పవుతుంది. కిందటేడు చెప్పినప్పుడైతే అవతలి ఒడ్డుకి చేరేలోగా ఇంట్లో కోడి గుడ్లు పొదిగి పిల్లల్ని కూడా లేపింది.

ఆ నోటిని ఊరు భరించేది ఆ చేతుల కోసం. చిలోయె దీవికి వాయవ్య మూల, ఏడాదికి మూడొందల రోజులు వాన పడి, మిగిలిన అరవై అయిదు రోజులూ ఎప్పుడు పడదామా అని మబ్బు పొంచి చూసే చోట, ఇంటికి ప్రాణం గోడ మీది చెక్కపెంకులే. అలెర్సె చెట్టు దుంగని మూరెడేసి మొద్దులుగా కోసి, నడిమి నుంచి బెరడు వైపుకి చీల్చుకుంటూ పోతే అరచెయ్యంత వెడల్పు పలకలు వస్తాయి. వాటిని చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా గోడకి కొట్టాలి. పలక నిలువునా రంపం పెడితే చెక్క నీళ్ళు తాగుతుంది. నరం వెంబడి చీలిస్తే వందేళ్ళు తాగదు. ఈ విద్య తెలిసినవాళ్ళు ఒకప్పుడు ఊళ్ళో పదకొండు మంది. ఇప్పుడు రోసమెల్ ఒక్కడు. మిగతా పదిమందీ తన పనితనం చూసి సిగ్గుతో చచ్చిపోయారని ఆయన ఉద్దేశం.

ఆయనకి ఒక చాదస్తం కూడా ఉంది. ఒకే మొద్దులో పక్కపక్కన పెరిగిన పలకల్ని గోడ మీద విడదీస్తే అవి అలిగి వంకర తిరుగుతాయంటాడు. అందుకని ప్రతి పలక వెనకా బొగ్గుతో అంకె వేసుకుని, చెట్టులో ఏ వరసలో ఉన్నాయో గోడ మీదా ఆ వరసలోనే కొడతాడు. దీనికి ఊరంతా నవ్వుతుంది. ఇది అబద్ధం కాదు కాబట్టి ఆయన పట్టించుకోడు.

గొడవ కందెలారియా మాత గుడి దగ్గర మొదలైంది. సముద్రం వైపు గోడ కుళ్ళిపోయింది. కిందటి చలికాలం ప్రార్థనలో మాత విగ్రహం మీదికి గొడుగు పట్టుకుని ఒకరు నిలబడాల్సి వచ్చింది. ఫాదరు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పించేదీ, తాళంచెవి ఉంచుకునేదీ, అందరి మీదా కసిరేదీ ఫిస్కాల్, అంటే గుడి పెద్ద, డాన్ బౌదిలియో కార్కమో. డాన్ అంటే అక్కడ 'గారు' అన్నట్టు. ముప్పై ఏళ్ళు ఇనప లాంచీలో వంటవాడిగా చేసిన మనిషి. లోకంలో ఇనుముకి మించినది లేదని ఆయన నమ్మకం. డిసెంబరు మొదటి ఆదివారం ప్రార్థన కాగానే జనాన్ని కూర్చోబెట్టాడు.

"రేకు వేసేద్దాం. వచ్చే నెల లారీలో దిగుతుంది. ఫిబ్రవరిలో మాత పండగ నాటికి గోడ తళతళలాడుతుంది," అన్నాడు.

"రేకు కోళ్ళగూటికి వేస్తారు డాన్ బౌదిలియో, మాతకి కాదు," అన్నాడు రోసమెల్ వెనక బల్ల మీంచి.

"అయితే నువ్వు చెక్క తెస్తావా? అలెర్సె మీద గొడ్డలి వేస్తే జైలు. చచ్చిన చెట్టు తేవాలన్నా అటవీశాఖ కాగితం కావాలి. ఎక్కడ్నుంచి తెస్తావయ్యా, నీ కథల్లోంచా?"

అందరూ నవ్వారు. అక్కడ రోసమెల్ నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఒక్క బతికున్న చెట్టుని ముట్టను. ఒక్క అధికారిని అడగను. పండగ ముందు రోజుకి గోడంతా అలెర్సె చెక్క కప్పకపోతే నా పేరు మార్చుకుంటా!"

"నీ పేరు మాకెందుకు? చెక్కలో ఒక్కటి పుచ్చుదైనా, పెళుసుదైనా రేకు వేస్తాం. నిచ్చెనెక్కి ఆ రేకు కొట్టేది నువ్వే. అందరి ముందూ. ఒప్పుకుంటావా?"

చెక్కపని చేసేవాడి చేత రేకు కొట్టించడమంటే ఫాదరు చేత చేతబడి చేయించడమే. ఒకసారి ఆ గోడ మీద రేకు పడిందంటే పక్క ఊళ్ళ గుళ్ళన్నీ అదే దారి పడతాయి. ఆ తర్వాత రోసమెల్ గొడ్డలి వంటచెరుకు కొట్టుకోవడానికే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఒప్పుకున్నా," అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

ఇంటి గుమ్మం దాటగానే భార్య ఉబెర్లిందా మొదలెట్టింది.

"ఏమయ్యా ముసలోడా, ఇంతకీ చెక్క ఎక్కడుంది?"

"ఉంది."

"ఎక్కడ?"

"వెతికితే ఉంటుంది ముసలీ. లేకపోతే నేనంత గట్టిగా ఎందుకు చెబుతాను?"

"నువ్వు గట్టిగా చెప్పినప్పుడే కదా ఏదీ ఉండదు!"

వారం రోజులు వాగులూ గట్లూ తిరిగాడు. దొరికింది తన నేలలోనే. రెండేళ్ళ కిందట వానకి వాగు గట్టు విరిగినప్పుడు కింది బంకమట్టి పొరలోంచి నల్లటి మొద్దు ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. అలెర్సె వాసన అరమైలు దూరం నుంచి పట్టేస్తానని దీవంతా చాటుకునే రోసమెల్, నాచు కోయడానికి వెళ్ళినప్పుడల్లా ఈ రెండేళ్ళూ దానికి కోటు తగిలించుకున్నాడు. ఆ రోజు విసుగొచ్చి గొడ్డలితో ఒక దెబ్బ వేశాడు. నల్లటి చర్మం కింద ఎర్రటి చెక్క, నిన్న పడ్డ చెట్టులా. తీపి వాసన గుప్పుమంది. మట్టి తవ్వుకుంటూ పోతే దుంగ తరగలేదు. అడ్డంగా ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందనంత లావు.

సరిగ్గా అప్పుడే గట్టు మీంచి ఒకావిడ "దేవుడా!" అంది.

వాల్దివియా పట్నం నుంచి వచ్చిన ప్రొఫెసరు గిసేలా. పొడుగాటి ఇనపగొట్టం చెరువుల్లోకి దింపి అడుగు బురద పైకి లాగడం ఆవిడ పని. బురదలో ఏ కాలంలో ఏ చెట్టు పుప్పొడి పడిందో లెక్క చూస్తుంది. బురద కోసం జీతమిచ్చే ఉద్యోగం ఉందని ఊరికి తెలిశాక ఇద్దరు ముగ్గురు తమ పెరడు కూడా చూపించారు.

"ఏమ్మా, దెయ్యాన్ని చూశావా?" అన్నాడు రోసమెల్.

ఆవిడ జారుకుంటూ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, దుంగకి చెంప ఆనించింది. కళ్ళల్లో నీళ్ళు.

"డాన్ రోసమెల్, దీని వయసెంతో తెలుసా మీకు?"

"మా తాత కంటే పెద్దదే."

"ఈ మట్టి పొరని బట్టి నలభై వేల ఏళ్ళు. కాస్త అటూ ఇటూ."

తనకంటే పెద్ద అంకె చెప్పిన మనిషిని రోసమెల్ జీవితంలో మొదటిసారి చూశాడు. అది కూడా తడుముకోకుండా, నవ్వకుండా, ఒట్టు పెట్టకుండా. ఆయనకి నిజంగా అసూయ వేసింది.

ఆవిడ బురద చేతుల్తో గాలిలో గీస్తూ చెప్పుకుపోయింది. మంచుయుగంలో చలి ఒకేలా లేదట. ఉన్నట్టుండి కాస్త వెచ్చబడేదట, అడవి లేచేదట. మళ్ళీ ఉన్నట్టుండి బిగుసుకునేదట, అడవి చచ్చి నాచూ గడ్డీ పరుచుకునేవట. చలి బాగా ముదిరినప్పుడు తూర్పున కొండల మంచు జారి వచ్చి కాస్ట్రో పట్నం ఉన్న వైపంతా మింగేసిందట. ఈ వాయవ్య మూల మాత్రం మిగిలిందట. చెట్లు ఇక్కడ గుంపులు గుంపులుగా తలదాచుకుని, వెచ్చబడగానే ఇక్కడి నుంచే దీవంతా తిరిగి పాకాయట.

"అంటే కాస్ట్రో వాళ్ళ చెట్లు మన దగ్గరికి అడుక్కోవడానికొచ్చాయన్నమాట!" అన్నాడు రోసమెల్.

"అలాగే అనుకోండి."

"ఇప్పటిదాకా ఒక్కడు కృతజ్ఞత చెప్పలేదు చూశావా!"

"డాన్ రోసమెల్, వినండి. ఆ చలి ఎంత తొందరగా వచ్చిందో నా బురద చెప్పలేదు. బురదలో వందేళ్ళంటే గోరంత మందం. ఈ దుంగ చెబుతుంది. ఏడాదికొక వలయం. బెరడు పక్కనున్న ఆఖరి వలయాలు చాలు, ఈ అడవి వందేళ్ళు తీసుకుని చచ్చిందా, పదేళ్ళలో చచ్చిందా తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నా దీని కోసం. అనుమతి కాగితం లేకుండా నేనూ ముట్టకూడదు. తెచ్చేదాకా మీరూ ముట్టొద్దు. మాటివ్వండి."

"నా చెయ్యి దీని మీద పడితే ఆ చెయ్యి ఊడిపోనీ," అన్నాడు రోసమెల్ గుండె మీద చెయ్యి వేసుకుని. రెండో చేతిలో గొడ్డలి ఉంది.

ఆవిడ ఆ సాయంత్రమే పడవెక్కింది. కాగితానికి మూడు వారాలు పడుతుందనుకుంది. రాజధానిలో ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన ఆయన, జనవరి అక్కడ ఎండాకాలం కాబట్టి, వేసవి సెలవులకి వెళ్ళాడు. నలభై వేల ఏళ్ళు ఆగిన దుంగ ఇంకో నెల ఆగలేదా అని ఆయన గుమాస్తా అన్నాడట.

దుంగ ఆగేదే. పండగ ఆగదు. జనవరి ఏడో తారీఖు దాకా రోసమెల్ ముట్టలేదు. రోజూ వెళ్ళి దాని ఎదురుగా కూర్చుని మాతె ఆకు కషాయం తాగి వచ్చేవాడు. ఎనిమిదో తారీఖున గుడి ముందు లారీ ఆగి రేకులు దించింది. డాన్ బౌదిలియో ఒక రేకు మీద వేళ్ళతో టకటకా కొట్టి, "ఏమోయ్ రోసమెల్, మేకులు కూడా తెప్పించాను. రబ్బరు బిళ్ళలతో సహా," అన్నాడు.

తొమ్మిదో తారీఖు పొద్దున రోసమెల్ రంపం భుజాన వేసుకుని వాగులోకి దిగాడు. చెయ్యి ఊడలేదు.

పన్నెండు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. అంత నిశ్శబ్దానికి ఊరు భయపడి మనిషిని పంపి చూసి రమ్మంది. చెక్క వెన్నలా చీలింది, వెడల్పాటి నడిమి భాగమంతా. బెరడు దగ్గర జానెడు మాత్రం వేరే చెట్టులా ఉంది. వలయాలు బెరడు వైపుకి పోయేకొద్దీ వెంట్రుకల్లా దగ్గరపడుతూ, రంగు పాలిపోయి, కత్తి పెడితే బిస్కెట్టులా విరిగేది. "చావబోయే చెట్టు," అనుకుని ఆ జానెడూ పక్కకి తోశాడు. ఉబెర్లిందా దాన్ని గంపల్లో ఇంటికి మోసుకెళ్ళింది. పొయ్యికి ఇంత మంచి చితుకులు ఈ దీవిలో దొరకవు.

గోడకి కొడుతూ పోయాడు, చెట్టులోని వరసలోనే. చూరు కింద ఆఖరి వరస దగ్గర పదకొండు పలకలు తక్కువయ్యాయి. దుంగ అయిపోయింది. రోసమెల్ నిచ్చెన మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత దిగి, ఇంటికెళ్ళి, పొయ్యి పక్క గంపలోంచి విరగని పెళుసు ముక్కలు పదకొండు ఏరుకుని, కోటు కింద పెట్టుకుని వచ్చాడు.

పండగ ముందు రోజు డాన్ బౌదిలియో తనిఖీకి వచ్చాడు. ప్రతి పలకనీ గోటితో గీకాడు, చెవి ఆనించి కొట్టి చూశాడు, ఒకదాన్ని నాకాడు కూడా. నిచ్చెన ఆరో మెట్టు దాటితే ఆయనకి కళ్ళు తిరుగుతాయి. ఆరో మెట్టు మీద ఆగి పైకి చూసి, "పైవి కూడా ఇలాంటివేనా?" అన్నాడు.

"ఈ గోడ మీద లోపమున్న పలక ఒక్కటి చూపించు డాన్ బౌదిలియో, ఆ పలక తినేస్తా!" అన్నాడు రోసమెల్.

ఫిబ్రవరి రెండున మాత ఊరేగింపు గుడి చుట్టూ తిరుగుతూ ఉంటే, వాన కూడా మర్యాదకి ఆగింది. రోసమెల్ కొత్త చొక్కా వేసుకుని గోడ పక్కనే నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు. "నలభై వేల ఏళ్ళ చెక్క. ఆదాము పుట్టకముందుది." ఎప్పట్లాగే జనం తలలూపి, ఆపిల్ పళ్ళు పులియబెట్టిన చిచా ముంత అందుకుని ముందుకి పోయారు.

పడవ దిగి ప్రొఫెసరు గిసేలా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీలో కాగితం. సంతకాలు మూడు, ముద్రలు రెండు. అది ఫలానా వాగు గట్టులో ఉన్న, ఎవరూ ముట్టని దుంగకి అనుమతి. వాగు దగ్గరికి ముందే వెళ్ళొచ్చింది. అక్కడ ఉన్నది గొయ్యి.

"డాన్ రోసమెల్, నా దుంగేదీ?"

రోసమెల్ గోడ వైపు చూశాడు. ఆవిడా చూసింది. ఆవిడ నోట వచ్చిన మాటలు గుడి ముందు అనదగ్గవి కావు. డాన్ బౌదిలియో లాంచీలో కూడా అలాంటివి వినలేదని తర్వాత మెచ్చుకున్నాడు.

తిట్టి తిట్టి అలిసి గోడకి తల ఆనించిన మనిషి అలాగే ఆగిపోయింది. జేబులోంచి భూతద్దం తీసింది. ఒక పలక, దాని పక్క పలక, దాని పక్కది. ముక్కు చెక్కకి రాసుకుంటూ గోడ వెంబడి నడిచింది.

"ఇవి వరసలో ఉన్నాయి! చెట్టులో ఉన్నట్టే ఉన్నాయి! ఎవరు చేశారిలా?"

"నేనే. విడదీస్తే అలుగుతాయి," అన్నాడు రోసమెల్.

వెనక ముసలమ్మలు ఇదంతా చూశారు. పట్నం నుంచి ప్రొఫెసరు వచ్చి మాత గోడని ముద్దు పెట్టుకుంటోందని ఒకావిడ శిలువ గీసుకుంది. క్షణంలో గోడ దగ్గర వరస కట్టారు. ప్రొఫెసరు ఏడొందల ఏళ్ళు లెక్కపెట్టేలోగా ఆమె వెనక పాతికమంది ఆ పలకలనే ముద్దు పెట్టుకుంటూ వచ్చారు.

ఏడొందల పన్నెండో వలయం దగ్గర ఆవిడ ఆగింది. పక్క పలకతో మళ్ళీ చెట్టు నడిమి నుంచి ఇంకో వరస మొదలవుతోంది.

"దీని తర్వాతది ఏది? బెరడు వైపు జానెడు? ఆఖరి ఏళ్ళు?"

లెక్కపెడుతున్న ప్రొఫెసరుకి ఇందాకే ఒక రొట్టె అందించిన ఉబెర్లిందా, పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. బంగాళదుంప తురిమి, పంది కొవ్వు పెట్టి కాల్చిన మిల్కావ్ రొట్టెలు.

"నీ చేతిలో ఉన్నది దాని మీద కాల్చిందే తల్లీ. తిను, చల్లారిపోతుంది," అంది.

ప్రొఫెసరు చేతిలో సగం కొరికిన మిల్కావ్ వైపు చూసుకుంది. ఇరవై ఏళ్ళ వెతుకులాట నోట్లో నలుగుతోంది. ఆవిడ కిందికి జారి గడ్డిలో కూర్చుంది. ఈసారి తిట్టలేదు. అదే రోసమెల్‌కి ఇబ్బందయింది.

ఆయన చూరు వైపు చూశాడు. డాన్ బౌదిలియో వైపు చూశాడు. గుడి వెనక పేర్చిన రేకుల వైపు చూశాడు. ఊరంతా ఇక్కడే ఉంది. నోరు విప్పకపోతే గోడ తనది, గెలుపు తనది. ఆ పదకొండు ముక్కలూ రెండు చలికాలాల్లో విరిగి పడిపోతాయి. అప్పటికి గాలి మీద నెట్టేయొచ్చు. గాలి ఎన్ని మోయలేదు ఆయన కోసం!

"పైన ఉన్నాయి," అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు డాన్ బౌదిలియో.

"ఆ పెళుసువి. చూరు కింద పదకొండు. చెక్క చాల్లేదు. దొంగతనంగా కొట్టాను."

ఊరంతా పగలబడి నవ్వింది.

"చూశారా, ఇప్పుడు ప్రొఫెసరమ్మ కోసం కొత్త కథ అల్లుతున్నాడు!"

"నిజమయ్యా!"

"నిజమట! ముంత నింపండ్రా ఈయనకి!"

"ఒట్టు! మాత మీద ఒట్టు!"

ఆ ఒట్టుకి ఇంకా నవ్వారు. డాన్ బౌదిలియో అయితే కళ్ళు తుడుచుకుంటూ, "గోడ నేను చూశానోయ్, బంగారంలా ఉంది. పోయి కూర్చో," అన్నాడు. రోసమెల్‌కి ఒళ్ళు మండింది. జీవితమంతా అబద్ధం నమ్మరని బాధపడ్డాడు కానీ, నిజం నమ్మకపోతే ఇంత అవమానంగా ఉంటుందని తెలియదు. నిచ్చెన లాగి గోడకి వేశాడు, కొత్త చొక్కాతోనే ఎక్కాడు, సుత్తి వెనక వైపు పెట్టి పీకాడు. మొదటిది చేతిలోనే రెండు ముక్కలైంది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

పదకొండూ దించి ప్రొఫెసరు ఒళ్ళో పెట్టాడు. వాటి వెనక అంకెలు లేవు. ఆవిడ గడ్డిలో వాటిని అటూ ఇటూ జరిపి, అంచుకి అంచు కలిపి, భూతద్దంతో వంగి, చిచా ముంతలు ఖాళీ అయ్యేదాకా లెక్కపెట్టింది. ఏడొందల ఏళ్ళు ధైర్యంగా పెరిగిన చెట్టు. తర్వాత వలయాలు సన్నబడటం, ఇంకా సన్నబడటం, బెరడు.

"ముప్పై ఎనిమిది," అంది ప్రొఫెసరు. "మంచి రోజులకీ చావుకీ మధ్య ముప్పై ఎనిమిదేళ్ళు. అంతే."

"అంతేనా? మన గోడ బాగుచేద్దామని అనుకోవడం మొదలెట్టి నలభై ఒకటి," అంది ఉబెర్లిందా.

మర్నాడు మబ్బు మళ్ళీ దిగింది. డాన్ బౌదిలియో మాట మీద నిలబడే మనిషి, తనకి లాభం లేకపోయినా నిలబడతాడు. గోడంతా రేకు వేస్తానంటే ముసలమ్మలు ఒప్పుకోలేదు. ముద్దు పెట్టుకున్న పలకల్ని ముట్టనిచ్చేది లేదని అడ్డంగా నిలబడ్డారు. బేరమాడి, చూరు కింద ఆ పదకొండు పలకల ఖాళీకి మాత్రం ఒక రేకు ముక్క కత్తిరించారు. డాన్ బౌదిలియో నిచ్చెన పట్టుకున్నాడు. జనం గొడుగులతో వచ్చి నిలబడ్డారు.

రోసమెల్ ఎక్కాడు. మొదటి మేకు వంకరపోయింది. రెండోది జారి కింద పడి డాన్ బౌదిలియో టోపీకి తగిలింది.

"నీకు రేకు కొట్టడం రాదా ఏంటోయ్?"

"రాదు," అన్నాడు రోసమెల్, పళ్ళ మధ్య మూడో మేకు పెట్టుకుని. "ఆ రబ్బరు బిళ్ళ ఎటువైపు పెట్టాలి?"

డాన్ బౌదిలియో ఒక మెట్టెక్కాడు. ఇంకోటి ఎక్కాడు. ఆరో మెట్టు దాటి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి పైకి చాపి రోసమెల్ వేలు పట్టుకుని రబ్బరు బిళ్ళ మీద పెట్టి చూపించాడు.